వివక్షపై మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలంటే: కాగితం పెట్టిన రోజు నుంచి సిఫారసు వచ్చేదాకా

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు (హెచ్‌ఆర్‌సీ) ఫిర్యాదు అందగానే అక్కడివాళ్లు మొదట వెతికేది ఒకటే: ఇందులో ప్రభుత్వోద్యోగి ఎక్కడున్నాడు? అవమానం ఎంత ఘోరమైనదైనా ఆ ప్రశ్నకు కాగితంలో జవాబు దొరక్కపోతే ఫైలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. హెచ్‌ఆర్‌సీ దాకా వెళ్లొచ్చి "ఏమీ కాలేదండీ" అని పెదవి విరిచేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. అందుకే ఫిర్యాదు ఎలా రాయాలన్నదానికంటే ముందు, దాన్ని లోపల ఏ కళ్లతో చదువుతారో తెలుసుకోవాలి.

ఈ కమిషన్లకు ఆధారం 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం. ప్రాణం, స్వేచ్ఛ, సమానత్వం, గౌరవం, ఈ నాలుగింటికి సంబంధించిన హక్కులే ఆ చట్టం దృష్టిలో మానవ హక్కులు. వివక్ష వీటిలో కనీసం రెండింటిని దెబ్బతీస్తుంది కనుక రాజ్యాంగంలోని 14, 15, 17 అధికరణాలు చూపించి గడప దాటొచ్చు. అయితే 12వ సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది. హక్కును ప్రభుత్వోద్యోగి ఉల్లంఘించి ఉండాలి, లేదా ఆ ఉల్లంఘనకు ఊతమిచ్చి ఉండాలి, లేదా దాన్ని ఆపాల్సి ఉండి నిర్లక్ష్యం చేసి ఉండాలి.

ఆ మూడోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వివక్ష ఫిర్యాదుల్లో అన్నిటికంటే అక్కరకొచ్చేది అదే. ఊళ్లో హోటలువాడు దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడుపుతున్నాడనుకోండి. హోటలువాడు ప్రభుత్వోద్యోగి కాడు, అతని మీద కమిషన్ విచారణ జరపదు. కానీ మీరు స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇస్తే, ఎస్సై ఎఫ్ఐఆర్ కట్టకుండా "ఊళ్లో రాజీ చేసుకోండి" అని పంపేశాడా? ఇప్పుడు కథలోకి ప్రభుత్వోద్యోగి వచ్చాడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి అలా విధిని కావాలని నిర్లక్ష్యం చేయడం దానికదే నేరం. కమిషన్‌కు మీరు చెప్పాల్సింది హోటలు గురించి రెండు వాక్యాలు, స్టేషన్ గురించి రెండు పేజీలు.

వెళ్లాల్సిన చోటు ఇదేనా?

కాగితం మీద కలం పెట్టే ముందు ఈ ప్రశ్న తేల్చుకోండి. రాష్ట్ర కమిషన్ పరిధి రాజ్యాంగం 7వ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అంశాల వరకే. పోలీసులు, ప్రభుత్వాసుపత్రి, జిల్లా పరిషత్ బడి, తహసీల్దారు కార్యాలయం, సంక్షేమ హాస్టలు ఇవన్నీ అందులోకి వస్తాయి. రైల్వే స్టేషన్‌లోనో, తపాలా కార్యాలయంలోనో, జాతీయ బ్యాంకు శాఖలోనో జరిగితే అవి కేంద్ర జాబితా అంశాలు, ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కు రాయాలి. సాయుధ బలగాల మీద ఫిర్యాదైతే జాతీయ కమిషన్ కూడా కేంద్రం నుంచి నివేదిక తెప్పించుకుని సిఫారసు చేయగలదు తప్ప మామూలు పద్ధతిలో విచారణ జరపలేదు.

ఉద్యోగంలో వివక్ష ఎదురైనవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పదోన్నతి, బదిలీ, సీనియారిటీ లాంటి సర్వీసు విషయాలను మానవ హక్కుల కమిషన్లు మామూలుగా తీసుకోవు. కులం కారణంగా పదోన్నతి ఆపారని అనుమానం ఉన్న ఎస్సీ ఉద్యోగికి 338వ అధికరణం కింద ఏర్పడిన జాతీయ ఎస్సీ కమిషన్ ఎంతో మేలు. వికలాంగులైతే 2016 చట్టం కింద రాష్ట్రంలో వికలాంగుల కమిషనర్ ఉంటారు. పనిచేసే చోట లైంగిక వేధింపులకు 2013 చట్టం ప్రకారం సంస్థలో అంతర్గత కమిటీ, పదిమంది కంటే తక్కువ ఉన్నచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీ. అక్కడ గడువు 3 నెలలే, సరైన కారణం చూపితే మరో 3 నెలలు పొడిగిస్తారు. హెచ్‌ఆర్‌సీ చుట్టూ తిరుగుతూ ఆ 3 నెలలు పోగొట్టుకోకండి.

మతం చూసి ఇల్లు అద్దెకివ్వనన్న యజమాని సంగతేంటని అందరూ అడుగుతారు. అతన్ని నేరుగా కమిషన్ ముందు నిలబెట్టలేం. ప్రైవేటు వ్యక్తుల మధ్య అన్ని రకాల వివక్షనూ ఒకే గొడుగు కిందికి తెచ్చే చట్టం మనకు లేదు. అంటరానితనం పాటిస్తూ ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా నివాసం ఉండనివ్వకపోవడం మాత్రం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. దానికి దారి పోలీస్ స్టేషన్.

కసి కొద్దీ ఒకే ఫిర్యాదును జాతీయ కమిషన్‌కు, రాష్ట్ర కమిషన్‌కు, ఎస్సీ కమిషన్‌కు, మహిళా కమిషన్‌కు ఒకేసారి పంపేవాళ్లున్నారు. ఎవరో ఒకరు పట్టించుకోకపోతారా అని. చట్టం దీనికి సరిగ్గా అడ్డం తిరుగుతుంది. ఒక కమిషన్ విచారిస్తున్న విషయాన్ని రాష్ట్ర కమిషన్ ముట్టుకోకూడదు, రాష్ట్ర కమిషన్ ముందు ఉన్నదాన్ని జాతీయ కమిషన్ ముట్టుకోకూడదు. నాలుగు చోట్లకు పంపితే ఒకరిని చూపించి ఒకరు మూసేసే అవకాశం మీరే ఇచ్చినట్టు. ఒక్కటి ఎంచుకోండి. జాతీయ కమిషన్ తనకు వచ్చిన ఫిర్యాదును తానే రాష్ట్ర కమిషన్‌కు బదిలీ చేయగలదు కూడా.

ఇంకో సంగతి. ఎంచుకున్న కమిషన్‌లో చైర్‌పర్సన్, సభ్యులు ఉన్నారా లేదా కనుక్కోండి. వింతగా అనిపించొచ్చు గానీ, తెలంగాణ కమిషన్‌లో 2022 చివర పదవీకాలం ముగిశాక 2025 ఏప్రిల్ దాకా కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ రోజుల్లో ఇచ్చిన ఫిర్యాదుకు నంబరు పడితే పడొచ్చు, ఉత్తర్వు ఇచ్చే మనిషి ఉండడు. అలాంటప్పుడు జాతీయ కమిషన్ దారే మేలు.

ఏడాది లెక్క

ఫిర్యాదుకు గడువు ఘటన జరిగిన తేదీ నుంచి ఒక సంవత్సరం. మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ చెప్పేది అదే, అందులో సడలింపు లేదు. సంవత్సరం దాటిన విషయాన్ని విచారించే అధికారమే కమిషన్‌కు ఉండదు. సొంతూరి పెద్దల చుట్టూ, ఎమ్మెల్యే చుట్టూ తిరుగుతూ పదకొండు నెలలు గడిపేసి వచ్చేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

వివక్ష ఇప్పటికీ కొనసాగుతూ ఉంటే ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. రెండేళ్ల కిందట మొదలైందని రాసి ఊరుకోకుండా, గత కొన్ని నెలల్లో ఏయే తేదీల్లో మళ్లీ జరిగిందో చెప్పాలి. పాత ఘటన నేపథ్యం అవుతుంది, కొత్త తేదీ ఫిర్యాదును నిలబెడుతుంది.

కాగితాలు పోగేయడం

నిర్లక్ష్యాన్ని నిరూపించాలంటే ముందు ఆ అధికారికి విషయం తెలుసని నిరూపించాలి. నోటిమాటగా చెప్పామంటే "నా దృష్టికి రాలేదు" అనే ఒక్క వాక్యంతో తప్పించుకుంటారు. కాబట్టి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు, అందినట్టు చూపే ట్రాకింగ్ కాగితం దాచుకోండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెడితే నంబరుతో రసీదు ఇస్తారు. ఆ అర్జీ పరిష్కారం కాకపోయినా ఆ రసీదు మాత్రం బంగారం.

పోలీసులు కేసు కట్టకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం ఎస్పీకి లిఖితపూర్వకంగా పంపొచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఎస్పీకి పంపిన రుజువు మీ ఫైలులో ఉంటే కమిషన్‌కు వేరే వివరణ అక్కర్లేదు.

సమాచార హక్కు చట్టాన్ని వాడుకోండి. "ఫలానా తేదీన నేనిచ్చిన అర్జీ మీద తీసుకున్న చర్య, ఫైలులోని నోట్స్ నకళ్లు" అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10. "చర్య తీసుకోలేదు" అని వాళ్లే రాసిస్తే అంతకంటే గట్టి సాక్ష్యం మీరు తయారుచేయలేరు.

ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే అసలు ఫైలును ముట్టుకోవద్దు. కత్తిరించడం, పాట పెట్టడం, వాట్సాప్‌లో పంపి అసలుది తొలగించడం ఇవేవీ చేయకండి. నకలు పంపండి, ఫోన్ భద్రంగా దాచండి.

ఫిర్యాదు రాయడం

తెలుగులోనే రాయొచ్చు. జాతీయ కమిషన్ కూడా 8వ షెడ్యూలులోని ఏ భాషలో రాసినా తీసుకుంటుంది. రుసుము లేదు, స్టాంపు లేదు, వకీలు తప్పనిసరి కాదు. బాధితుల తరఫున ఇంకెవరైనా కూడా ఇవ్వొచ్చు.

నేను రాసిచ్చిన మొదటి ఫిర్యాదు బుట్టదాఖలైంది. "కలెక్టరు గారికి" అని మొదలుపెట్టి, కింద "ప్రతి: మానవ హక్కుల కమిషన్" అని రాశాను. వేరే అధికారికి రాసి తమకు నకలు మాత్రమే పంపిన కాగితాలను కమిషన్లు ఫిర్యాదుగా లెక్కపెట్టవని అప్పుడు తెలిసింది. పేరు, చిరునామా లేని ఆకాశరామన్న ఉత్తరాలకూ అదే గతి. ఆస్తి తగాదాలు, కోర్టులో నడుస్తున్న కేసులు, అస్పష్టమైన ఆరోపణలు కూడా ఆ జాబితాలోవే.

ఆ అస్పష్టత అనేది ఎలా ఉంటుందో చూడండి. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర ఎస్సీ పిల్లలను వేరుగా కూర్చోబెడుతున్నారు. కోపంతో రాస్తే సాధారణంగా ఇలా వస్తుంది:

"మా ఊరి బడిలో ఎన్నో ఏళ్లుగా దళిత పిల్లలను హీనంగా చూస్తున్నారు. అగ్రకులాల అహంకారానికి అంతు లేకుండా పోయింది. అధికారులంతా వాళ్లకే వత్తాసు. మాకు న్యాయం చేయాలి."

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఎవరికి నోటీసు ఇవ్వాలో, దేని మీద నివేదిక అడగాలో కమిషన్‌కు తెలియదు. అదే విషయం ఇలా రాస్తే:

"2025 జులై 14, సోమవారం మధ్యాహ్నం 12:45కి పాఠశాల వరండాలో భోజనం వడ్డిస్తుండగా, 5వ తరగతి చదువుతున్న మా అమ్మాయితో సహా ఆరుగురు ఎస్సీ విద్యార్థులను ప్రధానోపాధ్యాయుడు వరుసలోంచి లేపి, చేతులు కడుక్కునే తొట్టి పక్కన విడిగా కూర్చోబెట్టారు. మిగతా పిల్లల్లో ఒక్కరినీ లేపలేదు. కారణం అడిగిన మా అమ్మాయితో 'మీ వరుస అదే' అన్నారు. జులై 16న మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను (ముద్ర ఉన్న నకలు, జత 1). ఆగస్టు 25 నాటికి 40 రోజులైనా విచారణకు ఎవరూ రాలేదు. పిల్లలు ఇప్పటికీ ఆ తొట్టి పక్కనే తింటున్నారు (ఫొటోలు, జత 2)."

రెండో దాంట్లో ఎక్కడా తిట్టు లేదు. ఇద్దరు ప్రభుత్వోద్యోగులున్నారు: ఒకరు చేశారు, ఇంకొకరు ఆపలేదు. ఆ తొట్టి చదివినవారి కళ్లకు కడుతుంది. హోదాలు తప్పక రాయండి. పేరు తెలియకపోయినా "ఫలానా తేదీన డ్యూటీలో ఉన్న ఎస్సై" అంటే సరిపోతుంది, పేరు వాళ్లే తెప్పించుకుంటారు. వివక్ష ఏ కారణంతో జరిగిందో, అంటే కులమా, మతమా, లింగమా, వైకల్యమా, అది కూడా చెప్పాలి. కారణం మీకెలా తెలుసు? వాళ్లు అన్న మాటలు, లేదా అదే పరిస్థితిలో మిగతావారిని ఎలా చూశారన్న పోలిక. పై ఉదాహరణలో ఆరుగురూ ఎస్సీ పిల్లలు కావడం, మిగతా పిల్లల్లో ఒక్కరినీ లేపకపోవడం ఆ పోలికే.

చివర్లో ఏం కావాలో అడగండి. "న్యాయం చేయాలి" అనే మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. వేరు వరుసను వెంటనే ఆపించాలి, బాధ్యుల మీద శాఖాపరమైన చర్యకు సిఫారసు చేయాలి, పరిహారం ఇప్పించాలి, ఫిర్యాదు చేసినందుకు పిల్లలను వేధించకుండా చూడాలి అని విడివిడిగా రాయండి. విచారణ సాగుతుండగానే మధ్యంతర సహాయానికి సిఫారసు చేసే అధికారం మానవ హక్కుల పరిరక్షణ చట్టం 18వ సెక్షన్ ఇచ్చింది, అడిగితేనే అది గుర్తొస్తుంది. "సస్పెండ్ చేయండి" అని మాత్రం కమిషన్‌ను అడగకండి, ఆ పని దాని చేతిలో లేదు.

కోర్టులో ఇదే విషయం నడుస్తోందా, ఇంకే కమిషన్‌కైనా వెళ్లారా అన్నది దాచకుండా చెప్పండి. తర్వాత బయటపడితే అసలుకే మోసం.

పంపడం తేలికే. నేరుగా ఇవ్వొచ్చు, తపాలాలో పంపొచ్చు. జాతీయ కమిషన్‌కైతే హెచ్‌ఆర్‌సీనెట్ పోర్టల్‌లో నమోదు చేయొచ్చు, 14433కి ఫోన్ చేసి అడగొచ్చు. తెలంగాణ కమిషన్ హైదరాబాద్ నాంపల్లిలో ఉంది. ఆంధ్రప్రదేశ్ కమిషన్ 2021లో కర్నూలులో తెరుచుకుంది, బయల్దేరే ముందు చిరునామా ఒకసారి సరిచూసుకోండి. నేరుగా వెళ్లేవాళ్లు డైరీ నంబరు (ఫిర్యాదు అందినట్టు వేసే నంబరు) తీసుకోకుండా గుమ్మం దాటొద్దు.

లోపల ఏం జరుగుతుంది

డైరీ నంబరు పడ్డాక ఫిర్యాదును పరిశీలించి సభ్యుల ముందు పెడతారు. చైర్‌పర్సన్‌గా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగానో న్యాయమూర్తిగానో పనిచేసినవారు ఉంటారు. ఇక్కడినుంచి దారి మూడుగా చీలుతుంది.

మొదటిది, తోసిపుచ్చడం. పరిధి లేదనో, ఏడాది దాటిందనో. రెండోది, ఫలానా అధికారి తగిన చర్య తీసుకోవాలని చెప్పి అక్కడికి పంపి, ఫైలు మూసేయడం. ఇది వచ్చిందని ఎగిరి గంతేస్తారు గానీ, ఫిర్యాదు మళ్లీ ఆ శాఖ బల్ల మీదికే వెళ్లిందన్నమాట. ఆ అధికారికి కమిషన్ ఇచ్చిన గడువు గుర్తుపెట్టుకుని, ఆ తేదీ దాటగానే చర్య తీసుకోలేదని కమిషన్‌కు ఆధారాలతో మళ్లీ రాయాలి.

మూడోదే మనకు కావాల్సింది. సంబంధిత అధికారికి నోటీసు ఇచ్చి, గడువులోగా నివేదిక పంపమని అడగడం. గడువులో నివేదిక రాకపోతే 17వ సెక్షన్ ప్రకారం కమిషన్ తనంతట తానే విచారణ మొదలుపెట్టొచ్చు. విచారణలో దానికి సివిల్ కోర్టు అధికారాలుంటాయి: సాక్షులను పిలిపించడం, ప్రమాణం చేయించడం, అఫిడవిట్లు తీసుకోవడం, ఏ కార్యాలయం నుంచైనా రికార్డులు తెప్పించడం. కమిషన్ కింద ఐజీ స్థాయికి తగ్గని అధికారి పర్యవేక్షణలో సొంత దర్యాప్తు విభాగం ఉండాలని కూడా చట్టంలో ఉంది.

కమిషన్ ముందు మీరిచ్చే వాంగ్మూలాన్ని మీ మీద ఇంకే కేసులోనూ వాడలేరు, అబద్ధపు సాక్ష్యం చెప్పారన్న కేసులో తప్ప. ఊళ్లో భయపడుతున్న సాక్షులకు ఈ 15వ సెక్షన్ సంగతి చెప్పండి, కొందరైనా నోరు విప్పుతారు.

నివేదిక వచ్చాక

గెలుపు ఓటములు తేలేది ఇక్కడ. శాఖ పంపిన నివేదికను మీకు పంపి, మీ జవాబు అడుగుతారు. ఆ నివేదిక ఎలా ఉంటుందో ముందే చెప్పగలను: "ఆరోపణలు నిరాధారం, గ్రామస్థులను విచారించగా అందరూ కలిసిమెలిసి ఉంటున్నట్టు తెలిసింది." దాన్ని చూసి కుంగిపోయి జవాబు రాయకుండా వదిలేస్తే, ఫిర్యాదుదారు చెప్పేదేమీ లేదని ఫైలు మూసేస్తారు.

నివేదికను పేరాలవారీగా చదవండి, పేరాలవారీగానే జవాబివ్వండి. విచారణకు వచ్చిన అధికారి ఎవరు? ఫిర్యాదులో ఎవరి మీద ఆరోపణ ఉందో ఆయనేనా? ఇది నిజంగానే జరుగుతుంటుంది. మిమ్మల్ని గానీ, పిల్లల తల్లిదండ్రులను గానీ కలిశారా? సంతకాలు పెట్టిన గ్రామస్థుల్లో బాధితుల పేటవాళ్లు ఎందరు? తనిఖీ తేదీ ఆదివారం పడిందా? బడి లేని రోజు భోజనాల వరుసను ఏం తనిఖీ చేశారు? ఇలాంటి ఒక్క ప్రశ్న పది పేజీల ఆవేదన కంటే బలంగా పనిచేస్తుంది. స్వతంత్ర దర్యాప్తు కావాలని ఈ జవాబులోనే అడగండి.

తప్పు తేలే పరిస్థితి ఉంటే ఆ ఉద్యోగికీ తన వాదన చెప్పుకునే అవకాశం 16వ సెక్షన్ కింద ఇస్తారు. అది చూసి కమిషన్ అటు మొగ్గిందని కంగారుపడొద్దు. ఆ అవకాశం ఇవ్వకుండా ఇచ్చిన సిఫారసును హైకోర్టులో సులువుగా కొట్టేయించుకుంటారు.

సిఫారసు చేతికొచ్చాక

కమిషన్ తీర్పు ఇవ్వదు, సిఫారసు చేస్తుంది. పరిహారం చెల్లించమని, ప్రాసిక్యూషన్ మొదలుపెట్టమని, శాఖాపరమైన చర్య తీసుకోమని ప్రభుత్వానికి చెబుతుంది. ప్రభుత్వం ఒక నెలలోగా, లేదా కమిషన్ పొడిగించిన గడువులోగా, తీసుకున్న చర్యతో సహా తన వ్యాఖ్యలు పంపాలి. సిఫారసే కదా అని పక్కన పడేసే అలవాటు శాఖలకు లేకపోలేదు. ఆ సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడాల్సిందేనని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ 2021 ఫిబ్రవరిలో చెప్పింది. అది తమిళనాడు తీర్పే అయినా మన హైకోర్టుల్లో వాదించేటప్పుడు చూపించుకోవచ్చు.

విచారణ నివేదిక నకలు పొందే హక్కు మీకుంది, అడిగి తీసుకోండి. నెల గడిచాక అమలు నివేదిక వచ్చిందా అని కమిషన్‌కు కేసు నంబరుతో ఉత్తరం రాయండి. రాలేదంటే సిఫారసు నకలు, మీ ఉత్తరాలు, ముద్ర ఉన్న ఆ మొదటి రసీదు అన్నీ తేదీల వరుసలో పెట్టి 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు. వకీలు ఖర్చు భరించలేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయ పరిమితితో పని లేదు.